కుక్కకు తిండితో శిక్షణ.. లంచం కాదు, కూలి!

ఇంట్లో కుక్కను పెంచుకునేవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటుంది. 'మా కుక్క మహా తెలివైంది. చేతిలో బిస్కెట్ ఉంటే చెప్పినవన్నీ చేస్తుంది, లేకపోతే మా మొహం కూడా చూడదు'. వినడానికి నవ్వొచ్చే మాటే. కానీ ఒకరోజు గేటు తెరిచి ఉండి, కుక్క రోడ్డు మీదికి పరుగెత్తిందనుకోండి. అటునుంచి ఆటో వస్తోంది. ఆ క్షణాన బిస్కెట్ కోసం వంటింట్లోకి వెళ్లే టైం ఉండదు. పిలవగానే వెనక్కి తిరిగే కుక్క బతుకుతుంది. తిరగనిది చక్రాల కింద పడొచ్చు, లేదంటే దారినపోయే పిల్లాడి మీదికి ఎగబడొచ్చు.

ఇందులో తప్పు బిస్కెట్‌ది కాదు, దాన్ని వాడిన తీరుది. పని చేయకముందే చూపించే తిండి లంచం. పని చేశాక ఇచ్చే తిండి కూలి. లంచానికి అలవాటుపడిన కుక్క చేతిని చూస్తుంది. కూలికి అలవాటుపడిన కుక్క మాట వింటుంది. తిండితో శిక్షణ ఇవ్వడంలోని కిటుకంతా దాదాపు ఈ తేడాలోనే ఉంది.

తిండి ఎందుకు పనిచేస్తుంది?

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లులపై చేసిన ప్రయోగాలను ప్రచురించారు. ఆకలిగా ఉన్న పిల్లిని చెక్క పెట్టెలో పెట్టి, బయట తిండి ఉంచేవారు. లోపలి మీటనో, తాడునో కదిపితే తలుపు తెరుచుకునేది. మొదట్లో పిల్లి గీకి, కొరికి, అరిచి, అనుకోకుండా మీట కదిపేది. మళ్లీ మళ్లీ పెడుతుంటే పనికిరాని చేష్టలు తగ్గిపోయి, నేరుగా మీట దగ్గరికే వెళ్లడం నేర్చుకుంది. మంచి ఫలితం ఇచ్చిన పని మళ్లీ జరుగుతుందని, ఇవ్వని పని మెల్లగా ఆగిపోతుందని థార్న్‌డైక్ తేల్చారు.

రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ పేరు చాలామంది వినే ఉంటారు. జీర్ణక్రియపై చేసిన పరిశోధనకు ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. తిండి పెట్టడానికి ముందు ప్రతిసారీ ఒకే శబ్దం వినిపిస్తే, కొన్నాళ్లకు ఆ శబ్దానికే కుక్క నోట్లో లాలాజలం ఊరుతుందని ఆయన చూపించారు. అంటే ఏ అర్థమూ లేని ఒక శబ్దం కూడా తిండితో ముడిపడితే కుక్కకు తీపి కబురవుతుంది.

ఈ రెండు సూత్రాలనూ జంతువుల శిక్షణకు వాడుకోవడం ఎలాగో బి.ఎఫ్. స్కిన్నర్ 1951లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో మామూలు పాఠకులకు అర్థమయ్యేలా రాశారు. నొక్కితే 'టిక్' మనే పిల్లల ఆటబొమ్మతో, కాసిన్ని తిండి ముక్కలతో కుక్కకు కొత్త పని నేర్పవచ్చని అందులో వివరించారు. ఇవాళ క్లిక్కర్ పేరుతో అమ్ముతున్న పరికరం ఆ బొమ్మ కోవలోదే.

లంచానికీ కూలికీ తేడా

కుక్క మంచం ఎక్కి కూర్చుంది. దిగమంటే దిగదు. యజమాని వంటింట్లోంచి బిస్కెట్ తెచ్చి కింద చూపిస్తాడు. అది దిగుతుంది, తింటుంది. పని జరిగింది కదా అనిపిస్తుంది. కానీ కుక్క నేర్చుకున్న పాఠం వేరు. 'మొదట మంచం ఎక్కాలి, దిగమంటే మొండికేయాలి, అప్పుడు బిస్కెట్ వస్తుంది'. మర్నాడు అది ఇంకాస్త ఉత్సాహంగా మంచం ఎక్కుతుంది.

అదే పనిని కూలి పద్ధతిలో చేస్తే ఇలా ఉంటుంది. తిండి జేబులోనో, అలమారా మీదో ఉంటుంది, కుక్కకు కనిపించదు. 'దిగు' అని చేయి కిందికి చూపిస్తారు. అది దిగిన వెంటనే 'శభాష్' అంటారు, ఆ తర్వాతే తిండి బయటికి వస్తుంది. కుక్క దృష్టిలో తిండి ఎక్కణ్నుంచో ఊడిపడలేదు, తాను చేసిన పని వల్లే వచ్చింది.

కొత్త పని నేర్పే మొదటి రోజుల్లో తిండిని చూపించి దారి పట్టించక తప్పదు. అది తప్పు కాదు. అయితే నాలుగైదు సార్లు అయ్యాక చేతిలోంచి తిండి మాయం కావాలి. వారం గడిచినా చేతిలో ముక్క చూపిస్తేనే కుక్క కదులుతోందంటే శిక్షణ లంచంలోకి జారిందన్నమాట.

ఒక్క సెకనులో అంతా ఉంది

కుక్కకు మనలా కారణాలు వివరించి చెప్పలేం. 'ఇందాక బాగా కూర్చున్నావు, అందుకే ఇది' అంటే దానికి అర్థం కాదు. తిండి నోటికి అందిన క్షణంలో ఏం చేస్తోందో, దాదాపు దానికే కూలి దక్కిందనుకుంటుంది. కూర్చోమన్నారు, కూర్చుంది. మీరు డబ్బా మూత తీసి, ముక్క వెతికి ఇచ్చేసరికి అది లేచి మీ కాళ్ల మీద ఎగురుతోంది. ఇప్పుడు ముక్క పెడితే ఎగరడానికి పెట్టినట్టే.

అందుకే శిక్షకులు ఒక గుర్తు మాట పెట్టుకుంటారు. 'శభాష్', 'గుడ్', 'హా'.. ఏదైనా సరే, పొట్టిగా ఉండాలి, ఎప్పుడూ ఒకే తీరులో పలకాలి. మొదట ఏ పనీ చెప్పకుండానే 'శభాష్' అని వెంటనే ఒక ముక్క పెట్టండి. రెండు మూడు రోజులు, రోజుకు పది పదిహేను సార్లు చేస్తే చాలు. పావ్‌లోవ్ కుక్కకు శబ్దం అర్థమైనట్టే, మీ కుక్కకు కూడా ఆ మాట వినగానే కూలి వస్తోందని తెలిసిపోతుంది. ఆ తర్వాత కుక్క సరైన పని చేసిన క్షణంలోనే, ఒక సెకను లోపు 'శభాష్' పడాలి. ముక్క ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైనా ఫర్వాలేదు, మాట మాత్రం ఆలస్యం కాకూడదు. మాట పడ్డాక ముక్క ఎగ్గొట్టకూడదు కూడా. కూలి ఎగ్గొట్టే మేస్త్రి దగ్గర ఎవరూ పనిచేయరు.

క్లిక్కర్ కొనాలా అని చాలామంది అడుగుతారు. కొంటే మంచిదే, లేకున్నా నష్టం లేదు. ఇటలీలో 51 కుక్కలపై చేసి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో క్లిక్కర్‌తో నేర్పినా, మాటతో నేర్పినా, నేరుగా తిండి పెట్టి నేర్పినా నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఏ తిండి పెట్టాలి?

మనుషులకు పనిని బట్టి కూలి ఉన్నట్టే కుక్కకూ ఉండాలి. తిండిని మూడు రకాలుగా విడదీసుకోండి.

మామూలు రకం: రోజూ పెట్టే పొడి ఆహారం గింజలు, ఉప్పు వేయని మరమరాలు, చిన్న ముక్కలుగా తుంచిన రొట్టె, క్యారెట్ ముక్కలు. ఇంట్లో, గోల లేని చోట, వచ్చిన పనినే మళ్లీ చేయించడానికి ఇవి సరిపోతాయి.

మధ్య రకం: ఉడికించిన కోడిగుడ్డు ముక్కలు, కొద్దిగా పనీర్. కొత్త పని నేర్పేటప్పుడు, మేడ మీదో వాకిట్లోనో శిక్షణ ఇచ్చేటప్పుడు ఇవి వాడాలి. కొన్ని కుక్కలకు పాల పదార్థాలు పడవు, విరేచనాలు అవుతాయి. అందుకని పనీర్ మొదట చాలా కొంచెం పెట్టి చూడాలి.

మేలు రకం: ఉప్పు, కారం, మసాలా ఏదీ వేయకుండా ఉడికించిన ఎముకల్లేని చికెన్, కొద్దిగా కార్జం. కష్టమైన పనులకే వీటిని దాచిపెట్టాలి. వీధిలో వేరే కుక్క కనిపిస్తున్నా పిలవగానే వచ్చినందుకు, పటాకుల చప్పుడులో నిలబడినందుకు ఇవ్వాల్సిన కూలి ఇది. రోజూ అన్నంలో చికెన్ కలిపి పెడుతూ శిక్షణలో కూడా చికెనే ఇస్తే దాని విలువ పడిపోతుంది.

ఏ కుక్కకు ఏది ఇష్టమో తెలుసుకోవడం తేలిక. రెండు పిడికిళ్లలో రెండు రకాలు పెట్టి కుక్క ముందు చాపండి. ఏ పిడికిలి దగ్గర ఎక్కువసేపు వాసన చూస్తుందో, దేన్ని నాకుతుందో గమనించండి. అటూ ఇటూ మార్చి నాలుగైదు సార్లు చేస్తే దాని జాబితా మీకు దొరుకుతుంది.

ఏ రకమైనా ముక్క మెత్తగా ఉండాలి, నమలకుండా మింగేంత చిన్నగా ఉండాలి. పెద్ద బిస్కెట్ ఇస్తే కుక్క దాన్ని కొరికి, కింద రాలిన పొడి నాకి, మళ్లీ మీ వైపు చూసేసరికి అర నిమిషం పోతుంది. ఈలోపు పాఠం మరిచిపోతుంది. శనగగింజంత ముక్క చాలు. కుక్కకు ముక్క సైజు కంటే ఎన్నిసార్లు దొరికిందన్నదే ముఖ్యం.

ఎంత పెట్టాలి?

శిక్షణ పేరుతో కుక్కను లావెక్కించే ఇళ్లు చాలానే ఉన్నాయి. రోజు మొత్తం తిండిలో ఇలాంటి అదనపు ముక్కల వాటా పది శాతం దాటకూడదని పశువైద్యులు చెబుతారు. లెక్క ఇలా వేసుకోవచ్చు. పది కిలోల బరువుండి, ఇంట్లోనే తిరిగే పెద్ద కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు సరిపోతాయి. అందులో పది శాతం అంటే 60 కేలరీలు. తోలు తీసి ఉడికించిన చికెన్ 100 గ్రాముల్లో సుమారు 150 కేలరీలు ఉంటాయి. అంటే రోజుకు 40 గ్రాముల చికెన్. ఒక్కో ముక్క ఒక గ్రాము చొప్పున చేస్తే నలభై ముక్కలు వస్తాయి. రెండు మూడు పాఠాలకు అవి బోలెడు. అదే క్రీమ్ బిస్కెట్ అయితే ఒక్కదానికే సుమారు 50 కేలరీలు ఖర్చవుతాయి.

ఇంకో ఉపాయం ఉంది. కుక్క రోజూ తినే పొడి ఆహారంలోంచే ఒక గుప్పెడు పక్కకు తీసి, శిక్షణలో ఆ గింజలే కూలిగా ఇవ్వాలి. సాయంత్రం గిన్నెలో ఆ మేరకు తగ్గించాలి. ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు.

కుక్క బాగా వింటుందని దాన్ని పస్తు పెట్టడం మాత్రం తప్పు. ఆకలితో నకనకలాడే కుక్క మాట వినదు, ముక్క కోసం చేయి కొరుకుతుంది. తిండి వేళకు గంట ముందు శిక్షణ పెట్టుకుంటే చాలు. కడుపు నిండా తిన్న వెంటనే పెట్టుకుంటే ఏ కూలీ పనిచేయదు.

పొరపాటున కూడా పెట్టకూడనివి

మనం తినేవన్నీ కుక్కకు పనికిరావు. కొన్ని ప్రాణం తీస్తాయి.

చాక్లెట్: ఇందులోని థియోబ్రోమిన్ కుక్క శరీరంలోంచి తొందరగా బయటికి పోదు. వాంతులు, గుండెదడ, ఫిట్స్ వస్తాయి. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత ప్రమాదం.

ద్రాక్ష, కిస్‌మిస్: కిడ్నీలు దెబ్బతింటాయి. పాయసంలో, షీర్ ఖుర్మాలో ఉండే కిస్‌మిస్ కూడా ఇందులోకే వస్తుంది. పండగ పూట 'కొంచెమే కదా' అని గిన్నె కింద పెట్టకండి.

ఉల్లి, వెల్లుల్లి: పచ్చివైనా, వండినవైనా ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. బిర్యానీ, కూర మిగిలిందని కుక్కకు పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

జైలిటాల్: చక్కెర లేని చూయింగ్ గమ్‌లు, కొన్ని వేరుశనగ బటర్ డబ్బాల్లో వాడే తీపి పదార్థం. కుక్క రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. డబ్బా మీద చదివాకే కొనాలి.

వండిన ఎముకలు: విరిగినప్పుడు సూదుల్లా మారి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

వీటిలో ఏది తిన్నా లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా వెంటనే పశువైద్యుడికి చూపించాలి. ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఉడికించిన చికెన్, గుడ్డు జేబులో గంటల తరబడి ఉంచితే పాడవుతాయి. పాఠానికి కావలసినంతే తీసుకుని, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టండి.

'కూర్చో' నేర్పడం ఇలా

మొదటి పాఠానికి ఇంట్లో ఓ మూల చాలు. టీవీ కట్టేయండి. పది పన్నెండు ముక్కలు జేబులో వేసుకోండి.

ఒక ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని కుక్క ముక్కు దగ్గర పెట్టండి. దాన్ని మెల్లగా పైకి, తల వెనక్కి జరపండి. ముక్కు పైకి లేచేకొద్దీ నడుం కిందికి దిగుతుంది. నేలకు తాకగానే 'శభాష్', వెంటనే ముక్క. చేయి మరీ ఎత్తులో పెడితే కుక్క ఎగురుతుంది. ముక్కుకు రెండు మూడు అంగుళాల ఎత్తు చాలు. నడుం మీద చేయి వేసి నొక్కవద్దు.

నాలుగైదు సార్లు సరిగా వచ్చాక ముక్క ఆ చేతిలో లేకుండా అదే సైగ చేయండి. కూర్చోగానే 'శభాష్' అని, రెండో చేత్తో జేబులోంచి ముక్క తీసి ఇవ్వండి. శిక్షణ లంచంలోంచి కూలిలోకి మారేది ఈ మెట్టు దగ్గరే, దీన్ని ఎగ్గొట్టకూడదు.

సైగకు కూర్చోవడం బాగా వచ్చాక మాట కలపండి. ముందు 'కూర్చో' అనాలి, ఒక్క క్షణం ఆగి సైగ చేయాలి. కొన్ని రోజులకు సైగ కంటే ముందే, మాటకే కూర్చుంటుంది. మాటను ఒక్కసారే అనాలి. 'కూర్చో, కూర్చో, కూర్చోవే' అని పదిసార్లు అంటే పదోసారికి కూర్చోవాలని అది నేర్చుకుంటుంది.

పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు దాటకూడదు. కుక్క ఇంకా కావాలంటున్నప్పుడే ఆపేయాలి. రోజూ గంటల కొద్దీ రుద్దాల్సిన అవసరమూ లేదు. డెన్మార్క్‌లో 44 బీగిల్ కుక్కలపై చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ శిక్షణ పొందిన వాటికంటే వారానికి ఒకటి రెండుసార్లు పొందినవి తక్కువ పాఠాల్లోనే పని నేర్చుకున్నాయి.

పిలిస్తే రావడం.. ప్రాణం కాపాడే పాఠం

మిగతావన్నీ రాకపోయినా ఇదొక్కటి రావాలి. మొదట ఇంట్లోనే, రెండు మూడు అడుగుల దూరం నుంచి పేరు పెట్టి 'ఇటు రా' అని ఉల్లాసంగా పిలవండి. రాగానే 'శభాష్', ఒకటి కాదు నాలుగైదు ముక్కలు ఒక్కొక్కటిగా పెట్టండి. తర్వాత గది అవతల నుంచి, ఆ తర్వాత మేడ మీద, ఆ తర్వాత పొడవాటి తాడు కట్టి ఖాళీ స్థలంలో పిలవండి. చోటు మారిన ప్రతిసారీ పాఠం కాస్త వెనక్కి వెళుతుంది. ఇంట్లో వచ్చిన కుక్క పార్కులో రాకపోవడం పొగరు కాదు, అక్కడ దానికి ఆ పాఠం కొత్త. అప్పుడు దూరం తగ్గించి, కూలి పెంచాలి.

ఇందులో చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఏమిటంటే, కుక్కను పిలిచి దానికి ఇష్టం లేని పని చేయడం. పిలిచి స్నానం చేయించడం, పిలిచి గొలుసు వేయడం, పారిపోయి తిరిగొచ్చాక పట్టుకుని కొట్టడం. కుక్క లెక్కలో అది పారిపోయినందుకు పడిన దెబ్బ కాదు, తిరిగొచ్చినందుకు పడిన దెబ్బ. రెండోసారి అది రాదు. ఎంత ఆలస్యంగా వచ్చినా, ఎంత కోపంగా ఉన్నా, వచ్చిన కుక్కకు కూలి దక్కాల్సిందే. స్నానానికైతే పిలవకండి, మీరే దాని దగ్గరికి వెళ్లండి.

బాగా వచ్చాక కూడా రోడ్డు పక్కన బెల్టు విప్పకండి. ఎంత శిక్షణ ఉన్నా అది కుక్కే.

ఎన్నాళ్లు పెడుతూ ఉండాలి?

పని బాగా వచ్చేదాకా ప్రతిసారీ ఇవ్వాలి. పదిసార్లలో తొమ్మిది సార్లు మొదటి మాటకే చేస్తోందంటే వచ్చినట్టే. అప్పటినుంచి రెండుసార్లకోసారి, మూడుసార్లకోసారి, ఒకసారి వెంటవెంటనే, ఇలా అంచనాకు అందకుండా ఇవ్వండి. స్కిన్నర్, ఆయన సహచరుడు చార్లెస్ ఫెర్‌స్టర్ 1957లో ప్రచురించిన పుస్తకంలో ఈ విషయాన్ని విస్తారంగా చూపించారు. ఎప్పుడొస్తుందో తెలియని ఫలితం వెంట పడే అలవాటు అంత తొందరగా వదలదు. లాటరీ టికెట్ కొనేవాడు ఎందుకు మానడో ఆలోచిస్తే ఇది తెలుస్తుంది.

తిండి ఇవ్వని సార్లు కూడా ఏదో ఒకటి ఇవ్వాలి. మెడ కింద గోకడం, బంతి విసరడం, బయటికి తీసుకెళ్లడానికి తలుపు తెరవడం.. ఇవన్నీ కూలే. మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ కేంద్రం లాంటి చోట్ల తయారయ్యే జాగిలాల గురించి వినే ఉంటారు. వాసన పసిగట్టే జాగిలాలకు తిండి బదులు బంతి ఆటే బహుమతిగా ఇవ్వడం ప్రపంచమంతటా మామూలే. ఏది ఇచ్చినా కుక్కకు ఇష్టమైనదై ఉండాలి, మనకు ఇష్టమైనది కాదు.

పిలిస్తే రావడం ఒక్కదానికి మాత్రం తిండి పూర్తిగా మానేయవద్దు.

తెలియకుండా మనమే నేర్పుతున్న పాఠాలు

అన్నం తింటుంటే కుక్క వచ్చి మూలుగుతుంది. పాపమని ఒక ముక్క పడేస్తారు. అంతే, మూలిగితే కూలి వస్తుందని నేర్పేశారు. రేపు పడేయకపోతే అది అరుస్తుంది. అరుపు భరించలేక ఎల్లుండి పడేస్తారు. ఇప్పుడు ఇంకా గట్టిగా అరవాలని నేర్పారు. ఇంట్లో ఒక్కరు పెట్టినా చాలు, మిగతా నలుగురి కష్టం వృథా. దీనికి మందు ఒక్కటే. భోజనాల వేళ దానికో చాప చూపించి, అక్కడ పడుకున్నందుకు మధ్య మధ్యలో మీరే లేచి వెళ్లి ముక్క పెట్టండి. తిండి కంచం దగ్గర కాదు, చాప మీద దొరుకుతుందని తెలిశాక అక్కడే ఉంటుంది.

మాట విషయంలోనూ ఇంట్లో అందరూ ఒక్కటవ్వాలి. తాత 'బైఠో' అంటాడు, అమ్మ 'కూర్చో' అంటుంది, పిల్లలు 'సిట్' అంటారు. కుక్కకు భాష లేదు, చప్పుడే తెలుసు. మూడు చప్పుళ్లకు మూడు వేర్వేరు పాఠాలు కావాలి. 'ఆజా' అనుకుంటారో, 'ఇటు రా' అనుకుంటారో ముందే తేల్చుకుని, ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అతికిస్తే చాలు. పనిమనిషికి, వాచ్‌మన్‌కు కూడా చెప్పి ఉంచండి.

భయపడే కుక్కకు

దీపావళి పటాకులు, పెళ్లి బారాత్ బ్యాండు, ఉరుములు.. చాలా కుక్కలు మంచం కింద దూరి వణుకుతాయి. అప్పుడు తిండి పెడితే భయాన్ని మెచ్చుకున్నట్టు అవుతుందని కొందరు అనుకుంటారు. అది అపోహ. భయం కుక్క కావాలని చేసే పని కాదు, కూలికి పెరగదు. చప్పుడు వెంట ప్రతిసారీ చికెన్ వస్తే చప్పుడు మీది భయం మెల్లగా తగ్గుతుంది.

అయితే వరస తప్పకూడదు. ముందు చప్పుడు, వెంటనే తిండి. తిండి ముందు పెట్టి తర్వాత చప్పుడు చేస్తే, ముక్క కనబడగానే కుక్క బెదిరిపోవడం నేర్చుకుంటుంది. పండగకు నెలా రెండు నెలల ముందే ఫోన్‌లో పటాకుల శబ్దాన్ని వినీవినపడనంత చిన్నగా పెట్టి, వెంటనే మేలు రకం ముక్క ఇవ్వండి. కుక్క నిదానంగా ఉంటేనే రోజులు గడిచేకొద్దీ శబ్దం కొంచెం కొంచెంగా పెంచండి.

వీధిలోంచి తెచ్చి పెంచుకునే దేశీ కుక్కపిల్లలు కొన్ని మనిషి చేయి చూస్తేనే ముడుచుకుపోతాయి. వాటికి చేత్తో తినిపించాలని పట్టుబట్టవద్దు. ముక్కను దానికి అవతలగా, దూరంగా విసరండి. అది వెళ్లి తింటుంది, తనంతట తానే వెనక్కి తిరిగి మీ వైపు వస్తుంది. రోజులు గడిచేకొద్దీ దూరం దానంతట అదే తగ్గుతుంది.

ఎంత ఇష్టమైన ముక్క ఇచ్చినా ముట్టడం లేదంటే దాన్ని మొండితనం అనుకోకండి. చాలాసార్లు అది భయం. అక్కణ్నుంచి దూరంగా తీసుకెళ్లి మళ్లీ ఇచ్చి చూడండి. ఇంట్లో కూడా ఒక రోజంతా తినకపోతే జబ్బు కావచ్చు, పశువైద్యుడికి చూపించాలి. ప్రతి చప్పుడుకీ గంటల తరబడి వణికే కుక్కకు మందులు కూడా అవసరం కావచ్చు.

గిన్నె దగ్గర గుర్రుమంటే

తింటున్నప్పుడు దగ్గరికి వస్తే గుర్రుమనే కుక్కలుంటాయి. 'ఎవరు యజమానో చూపిస్తా' అని గిన్నె లాక్కుంటే అది తన భయం నిజమేనని తేల్చుకుంటుంది. రేపు గుర్రుమనకుండా నేరుగా కరుస్తుంది. దీనికి తిరుగు పద్ధతి ఉంది. అది నిదానంగా తినేంత దూరంలో నడుస్తూ, గిన్నె వైపు మంచి ముక్క ఒకటి విసిరి వెళ్లిపోండి. రోజులు గడిచేకొద్దీ మనిషి దగ్గరికి వస్తే తిండి పోదు, పెరుగుతుందని దానికి నమ్మకం కుదురుతుంది. ఇది పెద్దవాళ్లు చేయాల్సిన పని. పిల్లలను తింటున్న కుక్క దగ్గరికి ఎట్టి పరిస్థితుల్లోనూ పంపవద్దు. అప్పటికే కరిచిన చరిత్ర ఉన్న కుక్క అయితే నిపుణుల సాయం లేకుండా ప్రయత్నించకూడదు. ఎవరినైనా కరిస్తే గాయాన్ని పావుగంట పాటు సబ్బు నీళ్లతో ధారగా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి.

కొడితే వినదా?

కొడితే కుక్క ఆ క్షణానికి ఆగుతుంది. అందుకే అది పనిచేసినట్టు కనిపిస్తుంది. బ్రిటన్‌లో 2004లో ప్రచురితమైన ఒక సర్వేలో, బహుమతితోనే నేర్పిన యజమానులు తమ కుక్కలు మాట బాగా వింటున్నాయని చెప్పారు. శిక్షలు వాడిన ఇళ్లలో సమస్యలు ఎక్కువగా కనిపించాయి. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలపై చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. గద్దింపులు, బెల్టు గుంజుళ్లు ఎక్కువగా వాడే శిక్షణ కేంద్రాల కుక్కల్లో శిక్షణ తర్వాత కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగింది, ఆవలింతలు, పెదవులు నాకడం లాంటి ఆందోళన గుర్తులు కూడా ఎక్కువగా కనిపించాయి. తిండి, మెచ్చుకోలుతో నేర్పిన కేంద్రాల కుక్కలు నిదానంగా ఉన్నాయి.

దెబ్బకు ఇంకో లోటు ఉంది. ఏం చేయకూడదో చెబుతుందే గాని ఏం చేయాలో చెప్పదు. గుమ్మం దగ్గర అతిథుల మీదికి ఎగిరే కుక్కను కొడితే అతిథి అంటేనే దానికి భయం పట్టుకుంటుంది. బెల్లు మోగగానే చాప మీద కూర్చుంటే ముక్క దొరుకుతుందని నేర్పితే ఎగరడానికి దానికి పనే ఉండదు.

కుక్కను వదిలించుకునే ఇళ్లలో చాలామంది చెప్పే కారణం 'మాట వినదు' అనే. నెలల పిల్లగా ముద్దుగా తెచ్చుకున్నది ఏడాది తిరిగేసరికి వీధిన పడుతుంది. రోజుకు ఐదు నిమిషాలు, శనగగింజంత ముక్కలు పది పన్నెండు, ఇంటిల్లిపాదికీ ఒకే మాట.. దానికి ఆ గతి పట్టకుండా ఆపడానికి మొదట కావలసినవి ఇవే. ఇవాళ్టి నుంచి ముక్కను చేతిలోంచి జేబులోకి మార్చండి. పని ముందు, కూలి తర్వాత.